కిందకు దించిన కారుకు వీల్ అలైన్‌మెంట్: టైరును తినేది క్యాంబర్ కాదు, టో

పొట్టి స్ప్రింగులు వేసి కిందకు దించిన కారుకు ముందు టైర్లు లోపలి అంచున అరిగిపోతే అందరూ క్యాంబర్‌ను తిడతారు. విజయవాడ ఆటోనగర్‌లో అలైన్‌మెంట్ బే నడుపుతూ అలాంటి టైర్లను రోజూ చూసేవాడిగా నా మాట వేరు. ఆ టైరును తిన్నది చాలాసార్లు టో, అంటే పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో (టో ఇన్) బయటకో (టో అవుట్) మళ్లి ఉండటం. ఏ అంచు నుంచి మొదలుపెట్టాలో చూపించింది మాత్రమే క్యాంబర్, అంటే ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలి ఉండటం; పైభాగం లోపలికి వాలితే నెగెటివ్.

లెక్క చూడండి. 15 అంగుళాల రిమ్ము అంటే 381 మిల్లీమీటర్లు. ఒక్కో చక్రానికి రిమ్ము ముందు అంచుకూ వెనుక అంచుకూ మధ్య 3 మి.మీ. తేడా ఉందనుకుందాం. కోణంలో అది 0°27′ (27 నిమిషాలు; డిగ్రీకి 60 నిమిషాలు), అంటే అర డిగ్రీ కూడా కాదు, కంటికి ఆనదు. కానీ ఆ చక్రం పోదామనుకున్న దారికీ కారు పోయే దారికీ మధ్య కిలోమీటరుకు దాదాపు 8 మీటర్ల తేడా వస్తుంది. ఆ 8 మీటర్లూ టైరు రోడ్డు మీద పక్కకు రాసుకుంటూ పూడ్చాల్సిందే. విజయవాడలో బయలుదేరి హైదరాబాద్ చేరేసరికి ఒక్కో ముందు టైరును రెండు కిలోమీటర్లు అడ్డంగా ఈడ్చినట్టు. ఇక క్యాంబర్ 1° నెగెటివ్ ఉందనుకోండి, టో సరిగ్గా ఉంటే లోపలి అంచు మీద బరువు కాస్త ఎక్కువ పడుతుంది, అంతే. టైరు తన ఆయుష్షులో ఎక్కువ భాగం బతికే పోతుంది.

ఈ రెండూ కలిసినప్పుడే చిక్కు. నెగెటివ్ క్యాంబర్ వల్ల బరువంతా లోపలి అంచు మీద ఉంది, టో బయటకు పోయి ఆ అంచునే రోడ్డుకు రుద్దుతోంది. కుర్రాళ్లు కొత్త స్ప్రింగులు వేయించుకుని, అలైన్‌మెంట్ 'తర్వాత చూద్దాం' అనుకుని తిరిగే కాలంలో జరిగేది ఇదే.

దించాలా వద్దా అన్న పంచాయితీ నేను పెట్టను. ఒక్క మాట మాత్రం చెప్పి ముందుకు పోతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడాన్ని ఒప్పుకోదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ రోజున ఆ సంగతి గుర్తుకొస్తే లాభం లేదు, ముందే అడిగి తెలుసుకోండి. రోడ్డు సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం వేసిన స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాన్ని దించిన కారు కూడా నెమ్మదిగా దాటుతుంది. మన కాలనీల్లో ఇంటివాళ్లే సిమెంటు పోసి కట్టుకున్న గట్లు ఆ కొలతలు చూసి కట్టినవి కావు.

ఏది మారుతుంది, ఎందుకు మారుతుంది

ఉదాహరణకు స్విఫ్ట్‌నే తీసుకుంటాను. మా దగ్గరకు దించి తెచ్చే కార్లలో ఎక్కువ అదే. ముందు మాక్‌ఫెర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, డ్యాంపర్ కలిసిన నిలువు కాలు), వెనుక టోర్షన్ బీమ్ (రెండు వెనుక చక్రాలనూ కలిపే ఒకే అడ్డ దూలం). ఇదే అమరిక ఉన్న మిగతా చిన్న కార్లకూ కింద చెప్పేది దాదాపు వర్తిస్తుంది.

చక్రాన్ని కింది వైపు నుంచి కారుకు కలిపేది లోయర్ ఆర్మ్. కంపెనీ ఎత్తులో అది లోపలి నుంచి బయటకు కిందికి వాలి ఉంటుంది. కారును 30, 35 మి.మీ. దించితే ఆర్మ్ అడ్డంగా పడుకునే స్థితికి వస్తుంది, దాని బయటి కొసనున్న బాల్ జాయింట్ కాస్త బయటకు జరుగుతుంది, చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. నెగెటివ్ క్యాంబర్ పెరిగిందంటే కథ ఇదే. ఇంకా దించితే ఆర్మ్ బయటి కొస లోపలి కొస కంటే పైకి పోతుంది. అక్కడి నుంచి మలుపులో దొరకాల్సిన క్యాంబర్ లాభం తగ్గుతూ పోయి చివరకు తిరగబడుతుంది. పైగా రోల్ సెంటర్ (మలుపులో కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కారు బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి పడిపోతుంది. కంటికి రేసు కారులా ఉన్నది మలుపులో ముందుకంటే ఎక్కువ ఒరుగుతుంది. అందుకే నేల మీద నిలబడిన కారు కింద టార్చి వేసి చూడండి. బాల్ జాయింట్ మధ్య భాగం లోపలి బుష్ (రబ్బరు కీలు) మధ్య భాగం కంటే పైన ఉంటే, ఏ అలైన్‌మెంట్ మెషీనూ ఆ కారును బాగు చేయలేదు. కాస్త పైకి లేపించుకోండి.

స్టీరింగు తిప్పుడును చక్రానికి చేర్చే టై రాడ్‌ది వేరే వలయం. అది ఆర్మ్‌తో పాటే పైకి కిందికి ఊగుతుంది గానీ పొడవు వేరు, ఇరుసు వేరు. ఎత్తు మారగానే అది నకిల్‌ను (చక్రం బిగించి ఉండే ముక్కను) నెట్టనైనా నెడుతుంది, లాగనైనా లాగుతుంది. టో లోపలికి పోతుందా బయటకు పోతుందా అన్నది స్టీరింగు ర్యాక్ (టై రాడ్లను అటూ ఇటూ జరిపే పట్టీ) ఎక్కడ బిగించి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఏ కారులోనైనా పాత టో మాత్రం మిగలదు.

మెషీన్ ఎక్కించే ముందు

కొత్త స్ప్రింగులు వేసిన సాయంత్రమే అలైన్‌మెంట్ చేయించుకుని ఊరుకోవడం డబ్బు దండగ. స్ప్రింగులు, టాప్ మౌంట్లు (స్ట్రట్ పై కొసను పట్టి ఉంచేవి) కుదురుకోవాలి. వేసిన రోజు టో ఒక్కటి సున్నాకు దగ్గరగా పెట్టించుకుని, నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక పూర్తి పని చేయించండి. ఆ మొదటి టో కూడా మానేసి తిరిగేవాళ్లే తర్వాత టైర్ల షాపులో నిలబడేది.

ఇంకొకటి ఉంది, దీన్ని పట్టించుకునే మెకానిక్ అరుదు. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులు, వెనుక బీమ్ బుష్ బోల్టులు కారు బరువు చక్రాల మీద ఉండగానే చివరి బిగింపు వేయాలి. లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందికి దిగగానే బుష్‌లోని రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. కారు ఎత్తు కొన్ని మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది, కొన్నాళ్లకు బుష్ చిరుగుతుంది, మీరు పెట్టిన కోణాలన్నీ మారిపోతాయి. స్ప్రింగులు వేసినవాడిని ఈ ఒక్క ప్రశ్న అడగండి. తడుముకున్నాడంటే బోల్టులు వదులు చేయించి, కారు నేల మీద ఉంచి మళ్లీ బిగించండి.

తర్వాత లూజులు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్, బేరింగ్ తెలుస్తాయి. పక్కల పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ తెలుస్తుంది. బానెట్ తెరిచి స్ట్రట్ టాప్ మీద చేయి ఉంచి, స్టీరింగ్ తిప్పించండి. స్ప్రింగు 'టక్' మని ఎగిరితే టాప్ మౌంట్ బేరింగ్ పోయిందన్నట్టు, లేదంటే స్ప్రింగు కొస దాని గూటిలో కూర్చోలేదన్నట్టు. స్ప్రింగు కోసి దించిన కార్లలో ఈ శబ్దం మామూలే. కోసిన స్ప్రింగుకు, గ్యాస్ కట్టర్‌తో వేడి చేసి కుంగదీసిన స్ప్రింగుకు నేను అలైన్‌మెంట్ చేయను. ఇవాళ పెట్టిన కోణం రేపు ఉండదు, ఉండనిదానికి డబ్బు తీసుకోవడం నాకు నచ్చదు.

బంప్ స్టాపును కూడా చూడండి. కారు ఊరికే నిలబడి ఉండగానే డ్యాంపర్ రాడ్ బంప్ స్టాపును తాకుతుంటే అది స్ప్రింగు మీద కాదు, రబ్బరు ముక్క మీద నడుస్తున్న కారు.

గాలి చల్లటి టైరులో చూడాలి. నాలుగు టైర్లూ కంపెనీ చెప్పిన ఒత్తిడిలో ఉండాలి, ఎడమ కుడుల మధ్య తేడా ఉండకూడదు. పెట్రోలు సగం ట్యాంకు. డిక్కీలో సబ్‌వూఫర్ ఎప్పుడూ ఉండేదైతే ఉంచండి, లేకపోతే తీసేయండి.

ఇక నా బేలో అందరూ నవ్వే సంగతి: బియ్యం బస్తాలు. 25 కిలోల బస్తాలు మూడు ఉంచుకుంటాను. రెండు డ్రైవరు సీటు మీద, ఒకటి పెడల్స్ దగ్గర, మొత్తం 75 కిలోలు. దించిన కారులో మనిషి కూర్చుంటే కుడి వైపు మరికొంత దిగుతుంది, కుడి క్యాంబర్ మారుతుంది, దాంతో టో మారుతుంది. ఖాళీ కారుకు చక్కగా పెట్టిన స్టీరింగు, మీరు కూర్చుని నడిపితే ఒక పక్కకు ఒరిగి ఉండటానికి ఇదొక కారణం. మీరు తొంభై కిలోలుంటే బస్తాలు పెంచమని అడగండి, సిగ్గుపడాల్సిన పని లేదు.

అంకెలు

అలైన్‌మెంట్ మెషీన్ తెరమీద స్విఫ్ట్ అని ఎంచుకోగానే వచ్చే ఆకుపచ్చ, ఎరుపు గీతలు కంపెనీ ఎత్తులో ఉన్న కారు కోసం. దించిన కారుకు అవి రెండు విధాలా అబద్ధం చెబుతాయి. సరిపోయే క్యాంబర్‌ను ఎర్రగా చూపిస్తాయి. టో అనుమతించిన హద్దుకు చిట్టచివర ఉన్నా ఆకుపచ్చగానే చూపిస్తాయి. 'గ్రీన్ వచ్చింది కదా బాబాయ్' అని కుర్రాళ్లు తొందరపడతారు. రంగు చూడవద్దు, అంకె చదవండి. చదివేముందు అది డిగ్రీలు-నిమిషాల్లో ఉందో దశాంశాల్లో ఉందో చూసుకోండి. 0.30 అంటే 18 నిమిషాలు. 0°30′ అంటే అర డిగ్రీ. మధ్యలో ఉన్న చుక్కను నమ్మి ఎంతోమంది తప్పు టోతో ఇంటికి పోతుంటారు.

రోజూ ఆఫీసుకు, వారాంతంలో హైవేకు తిరిగే కారుకు నేను పెట్టే అంకెలు ఇవి. ముందు క్యాంబర్ 0°45′ నుంచి 1°15′ నెగెటివ్ వరకు. ఎడమ కుడుల మధ్య తేడా 0°20′ దాటకూడదు. అసలు అంకె కంటే ఈ తేడాయే నాకు ముఖ్యం, ఎందుకంటే కారు ఏ పక్క క్యాంబర్ తక్కువ నెగెటివ్‌గా ఉంటే ఆ పక్కకు లాగుతుంది. క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వాలు) కంపెనీ చెప్పిన చోటే ఉండనివ్వండి, ఈ కార్లలో దానికి సర్దుబాటు ఉండదు. రెండు వైపులా 0°30′ కంటే ఎక్కువ తేడా వస్తే ఆర్మ్ వంగిందనో, సబ్‌ఫ్రేమ్ (ఆర్ములు బిగించే చట్రం) జరిగిందనో వెతకాలి. ముందు టో రెండు చక్రాలకు కలిపి సున్నా నుంచి 1 మి.మీ. లోపలికి. 15 అంగుళాల రిమ్ముకు 1 మి.మీ. అంటే 0°09′.

ఇంత తక్కువెందుకని అడుగుతారు. నెగెటివ్‌గా వాలిన చక్రం తనంతట తానే లోపలికి నెడుతుంది. ముందు చక్రాలతో నడిచే కారు యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కూడా అవి లోపలికే మళ్లాలని చూస్తాయి. దాని పైన మళ్లీ టో ఇన్ పోస్తే టైరు రెండింతలు కష్టపడుతుంది. రేసు ట్రాకు కోసం టో అవుట్ పెట్టమని వస్తారు కొందరు, స్టీరింగు చురుగ్గా తిరుగుతుందని. తిరుగుతుంది, నిజమే. హైవే మీద లారీ పక్కనుంచి పోతున్నప్పుడు కూడా అలాగే తిరుగుతుంది. వాళ్లను నేను వెనక్కి పంపిస్తాను.

వెనుక బీమ్‌కు బోల్టు తిప్పి సర్దే వీలు లేదు. క్యాంబర్ 1°, 1°30′ నెగెటివ్ మధ్య, టో రెండు చక్రాలకూ కలిపి కాస్త లోపలికి, అర డిగ్రీ లోపల, థ్రస్ట్ కోణం (వెనుక చక్రాలు నెట్టే దిక్కుకూ కారు మధ్యగీతకూ మధ్య తేడా) 0°10′ లోపు ఉంటే తాకవద్దు. అది దాటితే హబ్‌కూ బీమ్‌కూ మధ్య షిమ్ములు (పల్చటి బిళ్లలు) వేయాలి. అంతకుముందు బీమ్ ఎప్పుడైనా గుంతలో పడి వంగిందేమో చూసుకోవాలి. వెనుక మల్టీలింక్ గానీ డబుల్ విష్‌బోన్ గానీ ఉన్న కార్ల కథ వేరు. వాటిని దించితే వెనుక క్యాంబర్, టో రెండూ బాగా మారతాయి, సర్దే బోల్టులు చాలకపోతే సర్దుబాటున్న ఆర్ములు కొనక తప్పదు.

బే మీద వరుస

టార్గెట్లు (మెషీన్ కొలవడానికి చక్రాలకు బిగించే పలకలు) బిగించాక కారును ముందుకు వెనక్కు దొర్లించే రనౌట్ సర్దుబాటు, అంటే రిమ్ము వంకరను లెక్కలోంచి తీసేయడం, తప్పకుండా చేయించండి. బయట కొన్న అల్లాయ్ చక్రాలకు ఇది మరీ అవసరం. రిమ్ము వంకరను మెషీన్ క్యాంబర్ అనుకునే ప్రమాదముంది. తర్వాత టర్న్ ప్లేట్ల (ముందు చక్రాల కింద తిరిగే పలకల) పిన్నులు తీసి, కారును ముందూ వెనుకా నాలుగుసార్లు కిందికి నొక్కి వదలాలి. జాకీ దించిన కారు వెంటనే తన ఎత్తుకు రాదు.

ఎప్పుడూ వెనుక నుంచి ముందుకు. వెనుక థ్రస్ట్ చూడకుండా ముందు టో పెడితే కారు సూటిగానే పోతుంది, స్టీరింగు మాత్రం వంకరగా ఉంటుంది. ముందు చక్రాల్లో క్యాంబర్ మొదట, టో చివర. క్యాంబర్ కదిపితే టో కదులుతుంది, కాబట్టి ఈ వరుస తిరగేస్తే రెండోసారి చేయాల్సిందే.

స్విఫ్ట్‌లో స్ట్రట్‌ను నకిల్‌కు పట్టి ఉంచేవి రెండు బోల్టులు. వాటిలో ఒకదాని స్థానంలో క్యాంబర్ బోల్టు వేస్తే డిగ్రీ, డిగ్రీన్నర దాకా సర్దుకోవచ్చు. రెండు పక్కలా సమానంగా ఉండి 1°15′ లోపు ఉంటే ఈ ఖర్చు మీకు అక్కర్లేదు. వేస్తే మాత్రం టార్క్ రెంచితోనే, ఆ బోల్టు తయారీదారు ఇచ్చిన కొలతకే బిగించాలి. దాని కాండం అసలు బోల్టు కంటే సన్నం, వదులైతే గుంతలో పడగానే జారుతుంది. బిగించాక నట్టు మీదుగా బ్రాకెట్ మీదకు తెల్ల పెయింటు గీత ఒకటి గీయించండి. గీత విరిగి కనిపించిన రోజున క్యాంబర్ జారిందని మీకే తెలుస్తుంది.

టో దగ్గర తొందర వద్దు. ఇంజన్ ఆన్ చేసి స్టీరింగును అటూ ఇటూ తిప్పి, సరిగ్గా మధ్యలో ఆపి లాక్ కట్టాలి. లాక్ నట్లు వదులు చేసే ముందు ర్యాక్ బూట్ (రబ్బరు తొడుగు) బయటి క్లిప్పు తప్పించాలి. లేకపోతే టై రాడ్‌తో పాటు బూట్ మెలిపడి కొన్నాళ్లకు చిరుగుతుంది, లోపలికి దుమ్ము, నీళ్లు పోతాయి. రెండు వైపులా సమానంగా తిప్పించండి. ఒక టై రాడ్ మీద మరలు బాగా ఎక్కువ, రెండో దాని మీద బాగా తక్కువ కనిపిస్తే ర్యాక్ మధ్యలో లేదన్నమాట. నట్టు బిగించాక తెరవైపు మళ్లీ చూడండి. బిగింపులోనే అంకె ఒకటి రెండు నిమిషాలు జరుగుతుంది. ఈఎస్‌పీ (కారు జారకుండా కాచే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఉన్న కారైతే స్కానర్ పెట్టి స్టీరింగ్ యాంగిల్ సెన్సారును సున్నా చేయించాలి.

కారు ఇంకా మెషీన్ మీద ఉండగానే ఒక పరీక్ష అడగండి. ఎవరూ చేయరు గానీ దించిన కారుకు ఇదే అసలు పరీక్ష. టో అంకె రాసుకుని, ముందు రెండు సీట్లలో మనుషుల్ని కూర్చోబెట్టి ముందు భాగం ఇంకో 10, 15 మి.మీ. దిగేలా చేయండి. టో ఎంత మారిందో చూడండి. రెండు మూడు నిమిషాలు కదిలితే ఫరవాలేదు. పావు డిగ్రీ కదిలిందంటే గతుకు గతుక్కీ చక్రాలు తమంతట తామే తిరుగుతున్నాయని. దాన్నే బంప్ స్టీర్ అంటారు. టై రాడ్, లోయర్ ఆర్మ్ రెండూ దాదాపు ఒకే వాలులో ఉండాలి. అవి విడిపోయేంత దించితే మందు ఒక్కటే, ఎత్తు పెంచడం.

రోడ్డు మీద

ఏలూరు వైపు హైవే మీద, ట్రాఫిక్ లేని చోట, 60, 80 వేగంలో చూడండి. మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమ అంచుకు వాలి ఉంటాయి. ఎడమ లేనులో కారు నెమ్మదిగా ఎడమకు జరగడం తప్పు కాదు. అదే కారు డివైడరు పక్క లేనులో కూడా గట్టిగా ఎడమకే లాగితే టైర్లు ఎడమ కుడులు మార్చి చూడండి (దిశ బాణం లేని టైర్లయితేనే). లాగే దిక్కు మారితే తప్పు టైరుది, మారకపోతే కోణాలది. వాలును తట్టుకోవడానికి ఎడమ క్యాంబర్‌ను కుడి కంటే 0°10′ ఎక్కువ నెగెటివ్‌గా నేను ఉద్దేశపూర్వకంగానే వదులుతాను.

ఇంట్లో నిఘాకు మెషీను అక్కర్లేదు, అరచేయి చాలు. టైరు ముఖం మీద బయటి నుంచి లోపలికి, మళ్లీ లోపలి నుంచి బయటకు నిమిరి చూడండి. లోపలికి నిమిరితే నున్నగా, బయటకు నిమిరితే గరుకుగా తగిలితే టో ఇన్ ఎక్కువ. తిరగబడితే టో అవుట్. అరుగుదల కంటికి కనిపించడానికి ఎంతో ముందే ఇది చేతికి తెలుస్తుంది. అనుమానం వస్తే తాపీ మేస్త్రీలు వాడే నైలాన్ దారం రెండు పక్కలా హబ్బుల ఎత్తులో, కారు మధ్యగీతకు సమాంతరంగా కట్టండి. ముందు రెండు చక్రాల మధ్య వెడల్పూ, వెనుక రెండు చక్రాల మధ్య వెడల్పూ ఒకటి కాదు కాబట్టి దారాన్ని టైర్లకు ఆనించకండి, హబ్బు మధ్య నుంచి కొలిచి సర్దండి. తర్వాత దారం నుంచి రిమ్ము ముందు అంచుకూ, వెనుక అంచుకూ దూరం కొలిస్తే ఆ తేడాయే టో. క్యాంబర్‌కు గుండు కట్టిన దారం వేలాడదీసి రిమ్ము పై అంచు, కింది అంచు కొలవండి. 15 అంగుళాల రిమ్ముకు దాదాపు 6.6 మి.మీ. అంటే 1 డిగ్రీ. నేల సమంగా ఉండాలి, మేస్త్రీ ట్యూబ్ లెవెల్‌తో ముందే చూసుకోండి.

మళ్లీ బేకు ఎప్పుడు రావాలంటే, పెద్ద గుంతలో పడ్డప్పుడు, స్టీరింగు వంకర తిరిగినప్పుడు, లేకపోతే 5,000 కిలోమీటర్లకు ఒకసారి, టైర్లు ముందువి వెనక్కు మార్చేటప్పుడు. పాత ప్రింటు వెంట తెచ్చుకోండి, ఏ అంకె ఎంత జరిగిందో పోల్చడానికి. అన్నీ సరిగ్గా ఉన్నా లోపలి అంచు బయటి అంచుకంటే కొంత ముందే అరుగుతుంది. టైరు పక్కన దిశ బాణం గానీ, ఇది బయటి వైపు అన్న గుర్తు గానీ లేకపోతే, సగం అరిగాక రిమ్ము మీద నుంచి తీసి తిరగేసి వేయించండి. అరిగిన అంచు బయటకు వస్తుంది, మిగిలిన రబ్బరు పనికొస్తుంది. బ్యాలెన్సింగ్ మాత్రం మళ్లీ చేయించాలి.